రెండా, ఎనిమిదా

బాలసరస్వతికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. మందులిచ్చే ఉద్యోగం ఆ తరవాత ముప్పై ఏడేళ్లకి వచ్చింది. రెండూ ఒకచోట కలిశాక ఇంక అడ్డేముంది! మందు డబ్బా మీద గడువు తేదీ చూసి ఊరుకోదు, డబ్బా విప్పి లోపలి స్ట్రిప్పు మీద తేదీ కూడా చూస్తుంది. పాలవాడు ఇవాళ పాలు చిక్కగా ఉన్నాయమ్మా అంటే, నిన్న ఎందుకు లేవని అడుగుతుంది. మొగుడు రామ్మూర్తి సాయంత్రం ఆకలి లేదన్నాడంటే దగ్గరికొచ్చి చొక్కా వాసన చూస్తుంది, దారిలో మిరపకాయ బజ్జీలు తినొచ్చాడేమోనని. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ చొక్కా నిర్దోషి. ఆ పదోసారి దొరికాడు కదా, అదీ ఆవిడ వాదన.

భవానీపురం దాటి కృష్ణ ఒడ్డుకి దిగే దారిలో పడవలరేవు కాలనీ. ఆ కాలనీ ఆరోగ్య కేంద్రంలో మందుల కిటికీ ఆవిడది. పద్నాలుగేళ్లుగా ఆ చువ్వల వెనకే కూర్చుంది. డాక్టరు ప్రద్యుమ్నది ముందు గది, దాని పక్కన ల్యాబు టెక్నీషియను పాల్ రక్తం తీసే గది, చివరన నిన్నమొన్నటిదాకా విరిగిన కుర్చీలు పడేసిన గది. వేసవి మొదట్లో ఆ చివరి గది కడిగి, సున్నం కొట్టించి, గోడకి ఒక బొమ్మ తగిలించారు. బొమ్మలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నడినెత్తిన, కనుబొమ దగ్గర, కంటి కింద, ముక్కు కింద, గడ్డం మీద, మెడ కింది ఎముక దగ్గర, చంక కింద ఎర్రచుక్కలు.

ఆ గదిలోకి అక్షయ వచ్చింది. పాతికేళ్ల నర్సు. గన్నవరంలో వారం రోజులు ఏదో ట్రైనింగ్ అయి వచ్చిందట. నిద్రపట్టనివాళ్లకి, ఊరికే భయమేసేవాళ్లకి, గుండెదడ అనేవాళ్లకి ఆ పిల్ల ట్యాపింగ్ నేర్పుతుందని డాక్టరు అందరినీ పిలిచి చెప్పాడు.

"ట్యాపింగ్ అంటే?" అంది బాలసరస్వతి.

"ఈ చుక్కలున్న చోట రెండు వేళ్లతో మెల్లగా తట్టుకోవడం మేడం," అంది అక్షయ. "తట్టుకుంటూ మనసులో బాధేంటో పైకి చెప్పుకోవాలి. వానంటే నాకు భయంగా ఉంది, ఉన్నా సరే నన్ను నేను కాదనుకోను... అలాగన్నమాట. దాంతో మనిషి కొంచెం నెమ్మదిస్తారు. మందులు మానెయ్యమని చెప్పం మేడం. మందులకి ఇది తోడు."

"చెంపలు తట్టుకుంటే రోగాలు పోయేట్టయితే, మా లెక్కల మాస్టారు తట్టిన తట్టుడికి నాకు ఈ జన్మలో జలుబు కూడా రాకూడదు."

పాల్ కిసుక్కున నవ్వాడు. అక్షయ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి బాలసరస్వతికి అనుమానం ఇంకాస్త పెరిగింది. ఎత్తిపొడిచినా నవ్వేవాళ్లని నమ్మకూడదని ఆవిడ సిద్ధాంతం.

పద్ధతేమిటంటే, తట్టుకునే ముందు మనిషిని అడుగుతారు: నీ బాధ సున్నా నుంచి పది దాకా అనుకుంటే ఎంత ఉంది? తట్టుకున్నాక మళ్లీ అడుగుతారు. ఆ రెండు అంకెలూ ఓపీ చీటీ మీద వేస్తారు. ఆరు వారాలు గడిచాక కూడా ఐదో ఆ పైనో ఉంటే డాక్టరు పెద్దాసుపత్రికి రాస్తాడు, అక్కడ పరీక్షలన్నీ చేస్తారు. ఐదుకి తక్కువుంటే ఇక్కడే తట్టుకుంటూ ఉండాలి. ఆ చీటీలన్నీ చివరికి మందులకోసం బాలసరస్వతి కిటికీకే వస్తాయి. చేతికొచ్చిన ఏ కాగితాన్నీ ఆవిడ చదవకుండా వదలదు. తొమ్మిది, నాలుగు. ఎనిమిది, మూడు. ఏడు, రెండు. ఎవరి చీటీ చూసినా అంకె దిగడమే. ఒక్కరికీ పెరగలేదు, ఒక్కరికీ ఉన్నచోట ఉండిపోలేదు.

"అందరికీ తగ్గడమేంటండీ?" అంది ఇంటికెళ్లి రామ్మూర్తితో. "పారాసిటమాల్ కూడా అందరికీ పనిచెయ్యదే!"

"మంచిదేగా. తగ్గనియ్," అన్నాడు రామ్మూర్తి పేపరు వెనకనుంచి.

"మీకు తెలీదు ఊరుకోండి. ఆ పిల్ల తన గొప్పకోసం అంకెలు తనే వేసుకుంటోంది. రాసిపెట్టుకోండి."

రామ్మూర్తి పేపరు ఇంకాస్త పైకి ఎత్తుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపరంలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

ఈ అనుమానం కూడా మిగతా వాటిలాగే నాలుగు రోజులు ఉడికి చల్లారిపోయేదేమో. జహీదా వల్ల చల్లారలేదు.

జహీదా మగ్గం పని చేస్తుంది. కొయ్య చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, దానిమీద జరీదారంతో, పూసలతో, చమ్కీలతో నెమళ్లూ తీగలూ కుట్టే పని. వన్‌టౌన్‌లో శాంభవి అనే ఆవిడ షాపుకి పదకొండేళ్లుగా కుడుతోంది. బాలసరస్వతి కూతురి పెళ్లి జాకెట్టు కుట్టింది ఆ చేతులే. ఆ జాకెట్టుని బాలసరస్వతి కిటికీ వెలుతురులో పట్టుకుని, గోటితో గీకి, తిరగేసి మరగేసి చూసింది. ఒక్క పూస వదులుగా దొరికితే ఒట్టు. అప్పట్నుంచీ జహీదా అంటే ఆవిడకి గౌరవం. ఆవిడ గౌరవం దొరకడం మాటలు కాదు.

అలాంటి చేతులు వణకడం మొదలుపెట్టాయి. సూదిలో దారం ఎక్కించడానికే నాలుగైదుసార్లు పడుతోంది. గుండె దడదడలాడుతుంది. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు. కంటిమీద కునుకు లేదు, మనిషి సగమైపోయింది. వరదొచ్చిన ఏడాది జహీదా ఇంట్లోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. అప్పట్నుంచీ వాన చప్పుడు వింటే వణుకొస్తుందని తనే చెప్పింది. నూట ఇరవైమంది నిలబడ్డ వరసలో డాక్టరు ప్రద్యుమ్న ఆమెని నాలుగు నిమిషాలు చూశాడు. "ఇది వరద భయం అమ్మా," అని అక్షయ గదికి పంపాడు.

శాంభవి చెడ్డదేం కాదు, కానీ వ్యాపారం చేసుకునే మనిషి. "శ్రావణమాసం పెళ్లిళ్లు నెత్తిమీదున్నాయి జహీదా. ఈలోపు చేతులు కుదురుకుంటే నీ మగ్గం నీదే. లేకపోతే ఇంకొకళ్లని కూర్చోబెట్టక తప్పదు, ఏమీ అనుకోకు," అని చెప్పేసిందట. జహీదా భర్త తౌసిఫ్ హనుమాన్ జంక్షన్‌లో లారీ టైర్లకి పంక్చర్లు వేస్తాడు, వారంలో సగం రోజులు ఇంటికే రాడు. ఇల్లు నిలబడింది ఆ మగ్గం మీదే. శ్రావణం లోపల చేతుల వణుకు పోవాలి. అదొక్కటే జహీదాకి కావలసింది.

బాలసరస్వతికీ అదే కావాలి. జహీదాని పెద్దాసుపత్రికి పంపించి అసలైన డాక్టర్లకి చూపించాలని ఆవిడ పట్టుదల. అలా పంపాలంటే చీటీ మీద ఐదో ఆ పైనో అంకె పడాలి. మొదటి శుక్రవారం జహీదా చీటీ మీద ఎనిమిది, నాలుగు అని ఉంది. రెండో శుక్రవారం ఏడు, రెండు.

బాలసరస్వతి ఆ చీటీని పక్కన పెట్టి, చువ్వలకి మొహం ఆనించి గొంతు తగ్గించింది.

"జహీదమ్మా, తగ్గిందా?"

"తగ్గిందనే రాసిందండీ అక్షయమ్మ."

"రాసింది నేనూ చూశాలే. నిన్ను అడుగుతున్నా. ఈ తట్టుకోవడాలతో ఏమన్నా ఒరిగేదుందా? మొహమాటపడకు. నేను నీ మనిషిని."

జహీదా వెనక వరసలో ఉన్నవాళ్లని చూసింది. తరవాత బాలసరస్వతి కళ్లలోకి చూసింది. దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ, "ఏం తగ్గలేదండీ మేడంగారూ," అంది.

"అంకె చెప్పు."

"ఎనిమిదండీ."

బాలసరస్వతికి కడుపు నిండిపోయింది. పాపం జహీదాకి తగ్గలేదన్న బాధ లేకపోలేదు. కానీ ఆ బాధకంటే, నేననుకున్నదే నిజమైందన్న సంతోషం ముందు వచ్చింది. ఓఆర్ఎస్ డబ్బా అట్ట ఒకటి చింపి, దాని వెనక రాసుకుంది: జహీదా, లోపల రెండు, బయట ఎనిమిది.

ఆ రోజు నుంచి మందులివ్వడం ఒక పని, కూపీ లాగడం రెండో పని అయింది. కృష్ణలో వలేసే ఎలీషా, భార్య పోయినప్పట్నుంచి నిద్రలేక అక్షయ దగ్గరికి వస్తున్నాడు. లోపల మూడు. కిటికీ దగ్గర బాలసరస్వతి, "ఏం ఎలీషా, ఈ తట్టుళ్లకి నిద్రొచ్చేస్తుందా ఏంటి?" అనగానే తల గోక్కుని, "ఎక్కడొస్తదండీ. తొమ్మిదండీ బాబూ తొమ్మిది," అన్నాడు. పచ్చళ్లమ్మే ముబీనా లోపల రెండు, బయట ఏడు. రిటైరైన మాస్టారు ఒకాయన లోపల ఒకటి, బయట "పది వేసుకోవమ్మా" అన్నాడు. నాలుగు వారాల్లో ఆ అట్టమీద పదకొండు పేర్లు చేరాయి. ఒక్కరికైనా లోపలి అంకే బయటి అంకే కలిసింది లేదు. అక్షయ మాత్రం రోజూ పొద్దున్నే "గుడ్ మార్నింగ్ మేడం" అంటూ నవ్వుతూ వెళ్తోంది. అమ్మ దొంగా అనుకునేది బాలసరస్వతి.

ఆరో శుక్రవారం వచ్చింది. ఆషాఢం వెళ్లిపోవడానికి వారం కూడా లేదు. జహీదా చీటీ మీద ఆరు, రెండు. కింద డాక్టరు చేతిరాత: ఇక్కడే కొనసాగించాలి.

ఇంక పట్టలేకపోయింది బాలసరస్వతి. మర్నాడు ఓపీ అయిపోగానే అట్ట తీసుకుని డాక్టరు గదిలోకి వెళ్లింది. అక్షయ అక్కడే ఉంది. ఉండటమే మంచిదనుకుంది.

"సర్, ఈ అమ్మాయి దొంగ అంకెలు వేస్తోంది. పదకొండు మందిని అడిగాను. పదకొండు మందీ తగ్గలేదనే చెప్పారు. ఈవిడ చీటీల్లో మాత్రం రెండూ మూడూ! ఆ రెండు చూసి మీరు జహీదాని పెద్దాసుపత్రికి రాయలేదు. దాని చేతులు పోతే ఎవరిది పూచీ?"

ప్రద్యుమ్న అట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు. అక్షయ మొహంలో నవ్వు లేదు.

"వాళ్లు నోటితో చెప్పిందే రాశాను సర్. ఒక్కటి కూడా సొంతంగా వెయ్యలేదు. మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్లకేముంది, ఎవరైనా వేస్తారు," అంది బాలసరస్వతి.

"బాలసరస్వతిగారూ, ఇది చిన్న మాట కాదు," అన్నాడు డాక్టరు. "నిజమైతే నేను పైకి రాయాలి. ఈ అమ్మాయి ఉద్యోగం పోతుంది. నిజం కాకపోతే..." అని ఆగి, ఫోన్ తీసి జహీదాని రమ్మన్నాడు.

అరగంటలో వచ్చింది జహీదా. బయట తుంపర పడుతోంది, దుపట్టా తడిసి తలకి అతుక్కుపోయింది. మూడుసార్లు చెప్తేగాని కుర్చీలో కూర్చోలేదు, అదీ అంచుమీద.

"భయపడకండమ్మా," అన్నాడు డాక్టరు. "ఈ చీటీలో మీ బాధ రెండు అని ఉంది. ఈ అట్టమీద ఎనిమిది అని ఉంది. ఏది నిజం?"

జహీదా అక్షయని చూసింది. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. బాలసరస్వతిని చూసింది. చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, చెప్పవే అన్నట్టు నిలబడి ఉంది.

"అక్షయమ్మ చాలా మంచిదండీ సార్," అంది జహీదా. "మేడంగారు కూడా మంచోళ్లేనండీ."

"అది కాదమ్మా. రెండా, ఎనిమిదా?"

జహీదా కుర్చీలో ఇంకాస్త ముందుకి జరిగి, "ఐదు వేసుకోండి సార్," అంది. "ఇద్దరికీ సరిపోద్ది."

డాక్టరుకి నవ్వొచ్చేసింది. మిగతావాళ్లెవరూ నవ్వకపోయేసరికి ఆపుకున్నాడు. అక్షయ వచ్చి జహీదా ఎదురుగా కూర్చుంది.

"అక్కా, నాతో రెండని చెప్పింది మీరే కదా. తగ్గకపోతే ఎందుకలా చెప్పారు?"

"ఏం చెయ్యనమ్మా! అరగంటసేపు నా ఎదురుగా కూర్చుని, నాతోపాటు నువ్వూ మొహమంతా తట్టుకుంటావు. నా మాటే నువ్వూ అంటావు. అయిపోయాక ఇప్పుడెంతుందక్కా అని ఆశగా అడుగుతావు. తగ్గలేదంటే నీ మొహం చిన్నబోదూ? వడ్డించినోళ్లు పక్కనే నిలబడి కూర ఎలా ఉందని అడిగితే ఉప్పు చాల్లేదని ఎవరన్నా అంటారా?"

"విన్నారా సర్!" అంది బాలసరస్వతి. అక్షయ అంకెలు వెయ్యలేదని తేలినందుకు కాస్త వెలితిగా ఉన్నా, అంకెలు తప్పని తేలింది కదా. "చూశారా, నా దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది."

జహీదా తల వంచుకుంది. "మీ దగ్గరా అంతేనండీ," అంది.

"అంతే అంటే?"

"మీరు అడగటమే తగ్గలేదు కదా అన్నట్టు అడుగుతారండీ. తగ్గిందంటే మీ మొహం మాడిపోద్ది. మందులు కూడా విసురుగా పడేస్తారేమోనని భయం. ఒక్క నేనే కాదండీ. ఎలీషా బాబాయే చెప్పాడు బెంచీ మీద అందరికీ. లోపల తక్కువ చెప్పండి, కిటికీ దగ్గర ఎక్కువ చెప్పండి, ఇద్దరూ సంతోషంగా ఉంటారు, మనకి పోయేదేముంది అని."

బాలసరస్వతికి చెవులదాకా మొహం వేడెక్కింది. పద్నాలుగేళ్లు! పద్నాలుగేళ్లుగా ఆ కిటికీ దగ్గర జనం తనతో మనసు విప్పి మాట్లాడతారని, లోపల డాక్టరుకి చెప్పనివి కూడా తనకే చెప్తారని ఎంతమంది దగ్గర చెప్పుకుంది! ఊళ్లో ప్రతివాడి మాటనీ జల్లెడ పట్టిన మనిషి, తనకి నచ్చిన మాటని మాత్రం ఒక్కసారీ జల్లెడలో వెయ్యలేదు. అట్టమీద పదకొండు పేర్లూ తనని చూసి నవ్వుతున్నట్టనిపించింది. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది.

"మరి అసలు ఎంతమ్మా?" అన్నాడు డాక్టరు. ఈసారి మెల్లగా అడిగాడు.

"నాకే తెలీదండీ. ఇక్కడొకటి, అక్కడొకటి చెప్పీ చెప్పీ అసలుది మర్చిపోయాను. వాన భయం కొంచెం నెమ్మదించిందండీ, అది అబద్ధం కాదు. మొన్న వానొస్తే సామాన్లు మంచమ్మీదకి ఎక్కించకుండా కూర్చోగలిగాను. చేతులే తగ్గలా. దడ తగ్గలా." చెయ్యి మెడ దగ్గరికి పోయింది. "అంకె కాదండీ సార్, ఇంకోటుంది."

తడి దుపట్టా మెడ చుట్టూ ఉన్న మడత విప్పింది. వేళ్లు వణుకుతూ ఉంటే పిన్నీసు ఊడిరావడానికి చాలాసేపు పట్టింది. అక్షయ లేచి సాయం చేసింది.

"ఈ ఎముక దగ్గర తట్టుకుంటాం కదండీ. ఒకరోజు వేళ్లు కొంచెం పైకి పోయి గొంతుకి తగిలినయ్. ఇదుగో ఇక్కడ. లోపల ఏదో ఉందండీ, ఉండలాగా. నాలుగు వారాలైంది చూసుకుని."

డాక్టరు లేచి వచ్చి ఆమె వెనక నిలబడి మెడ మీద వేళ్లు పెట్టాడు. "గుటక వెయ్యండమ్మా," అన్నాడు. మళ్లీ వెయ్యమన్నాడు. చేతులు ముందుకి చాపమని, వేళ్లమీద ఒక కాగితం పరిచాడు. ఆ కాగితం గాలికి ఊగినట్టు ఊగిపోయింది. నాడి చూసి తల పంకించాడు.

"నాలుగు నిమిషాలు చూశాను," అన్నాడు తనలో తనే అనుకుంటున్నట్టు. "మెడ చూపించమని అడగలేదు." తలుపు దాకా వెళ్లి, "పాల్, థైరాయిడ్‌కి రక్తం తియ్యి. ఇప్పుడే," అని కేకేశాడు.

"నాలుగు వారాలా?" అంది బాలసరస్వతి. "ఇంత పెట్టుకుని ఎవరికీ చెప్పలేదా నువ్వు?"

"ఎవరికి చెప్పనండీ. మా ఆయనకి చెప్తే జంక్షన్‌లో పని మానుకుని వచ్చి కూర్చుంటాడు. అక్షయమ్మకి చెప్దామంటే, తట్టడం వల్లే గడ్డొచ్చిందని మీరు ఆ పిల్లని ఉతికేస్తారేమో అనిపించింది. పాపం తనకేం తెలీదు. అందుకే మీకే చెప్దామని వచ్చా ఒకరోజు. 'మేడంగారండీ, ఒక మాట' అన్నాను. 'అంకెంత?' అన్నారు మీరు. ఎనిమిదండీ అని చెప్పి వెళ్లిపోయాను."

అది ఏ రోజో గుర్తు తెచ్చుకోవాలని చూసింది బాలసరస్వతి. గుర్తు రాలేదు. జహీదా కిటికీ దగ్గరికి వచ్చిన రోజులన్నిట్లోనూ ఆవిడకి గుర్తున్నది ఎనిమిదే. జహీదా ఏ రంగు దుపట్టా వేసుకుందో, మొహం ఎలా ఉందో, గొంతు ఎలా ఉందో ఒక్కటీ గుర్తులేదు. డాక్టరు అట్టని తిరిగి ఆవిడ చేతికిచ్చాడు. ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండుననిపించింది.

రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ గ్రంథి హద్దులేకుండా పనిచేస్తోందని, వణుకూ దడా చెమటలూ చిక్కిపోవడమూ అన్నీ దానివేనని తేలింది. పెద్దాసుపత్రిలో స్కానింగు చేసి, గడ్డ చెడ్డది కాదన్నారు. మాత్రలు రాశారు. అవి పనిచేసి చేతులు కుదురుకోవడానికి ఒకటి రెండు నెలలు పడుతుందన్నారు. శ్రావణం అన్ని నెలలు ఆగుతుందా? మొదటి ముహూర్తాలకి ముందే జహీదా మగ్గం మీద శాంభవి ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టింది. జహీదాకి మాత్రం జాకెట్లకి హుక్కులు కుట్టే పని ఇచ్చింది.

చివరి గదిలో ట్యాపింగ్ నడుస్తూనే ఉంది. ఇప్పుడు అక్షయ అంకె అడిగే ముందు, నేను ఏమనుకుంటానో అని చెప్పొద్దు అంటుంది. దానికీ జనం సరేనమ్మా అని మర్యాదగా తలూపుతున్నారు. ఆ పిల్ల మీద బాలసరస్వతి అనుమానం పోయిందా అంటే పోలేదు. తట్టుకుంటే భయం పోతుందని ఇప్పటికీ ఆవిడ నమ్మదు. కాకపోతే ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా, ఇది నా కోసం చెప్పారా అని ఇంకో అనుమానం పట్టుకుంది. రామ్మూర్తి పులుసు బాగుందన్నా అదే. "నిజంగా బాగుందా, నాకు భయపడి అంటున్నారా?" అని అడిగితే ఆయన చెయ్యి గిన్నెలో అలాగే ఆగిపోయింది. ఏ సమాధానం చెప్తే బతుకుతాడో పాపం ఆయనకి తెలీలేదు.

భాద్రపదంలో ఒక శుక్రవారం జహీదా మాత్రలకి వచ్చింది. వరసలో ఆఖరిది. కాస్త ఒళ్లు చేసింది. చీటీ చువ్వల్లోంచి లోపలికి ఇచ్చింది. చెయ్యి మునుపటంత వణకలేదు.

"ఎలా ఉంది?" అంది బాలసరస్వతి.

"బాగుందండీ మేడంగారూ. మీ దయ వల్ల."

అదే మర్యాద. అదే చిన్న నవ్వు. బాలసరస్వతి మాత్రలు తీసింది, తేదీ చూసింది, మళ్లీ చూసింది. చువ్వల్లోంచి ఇవ్వబోయి ఆగి, పక్క తలుపు గడియ తీసుకుని బయటికి వచ్చింది. పద్నాలుగేళ్లలో డ్యూటీ టైములో ఆవిడ ఆ తలుపు దాటి ఇటు రావడం పాల్ ఎప్పుడూ చూడలేదు. సీసాలు సర్దుకుంటున్నవాడు ఆగిపోయాడు.

బాలసరస్వతి వచ్చి బెంచీ మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది. జహీదా కూర్చుంది.

"నేనేం రాసుకోను," అంది బాలసరస్వతి. "అంకె వద్దు. నాకు నచ్చేమాట కూడా వద్దు. నువ్వేం చెప్పినా నీ మాత్రలు నీకిస్తాను. ఇదుగో, ముందే ఇచ్చేస్తున్నా, పట్టుకో. ఇప్పుడు చెప్పు. ఎలా ఉంది?"

జహీదా మాత్రల కవరు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. బాలసరస్వతి రెట్టించి అడగలేదు. అడగకుండా ఉండటం ఆవిడకి ఎంత కష్టమో చీర కొంగుని నలుపుతున్న వేళ్లు చూస్తే తెలుస్తుంది.

"కోపంగా ఉందండీ," అంది జహీదా.

"ఎవరి మీద?"

"మీ మీద."

ఆ మాట అన్నాక జహీదా తలెత్తి చూసింది, తిరిగి తీసుకోవడానికన్నట్టు కాదు. "అక్షయమ్మ చిన్నపిల్ల. డాక్టరుగారికి వందమంది. మీరు నా మనిషినన్నారు. నేను గొంతు దగ్గర ముద్ద పట్టుకుని వస్తే, మీరు ఆ పిల్లతో పోట్లాటకి నన్ను సాక్ష్యం పెట్టుకున్నారు. నెల ముందు మందు పడుంటే శ్రావణం నాదయ్యేదండీ. ఇప్పుడు నా మగ్గం మీద వేరే పిల్ల కుడతా ఉంటే, నేను పక్కన కూర్చుని హుక్కులు కుడుతున్నా. ఆ పిల్లకి పూస నిలబెట్టడం కూడా రాదు."

బాలసరస్వతికి దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎవరి మాటా తిరగెయ్యకుండా తీసుకోని మనిషి, ఈ మాటని మాత్రం ఎటూ తిప్పి చూడలేదు. ఇది తన కోసం చెప్పింది కాదు.

"ఇంకా ఉందా?" అంది.

"ఉందండీ."

"చెప్పు," అంది బాలసరస్వతి. మందుల కిటికీ మూసే వేళ దాటిపోయినా, జహీదా చెప్పినంతసేపూ అక్కడే కూర్చుంది.